పావురాలకు కట్టిన సీడీ

నా కుడి ఊపిరితిత్తి పైభాగంలో పదకొండు మిల్లీమీటర్ల మచ్చ ఒకటి ఉంది. ఇవాళ ఈ వాక్యాన్ని ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఫిబ్రవరిలో ఆ అంకె నా నోట పలికేది కాదు. మావారు ప్రకాశరావు గారు "శనగగింజంతే కదా" అని తేలిక చేయబోతే గదిలోంచి లేచి వెళ్లిపోయేదాన్ని. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి మచ్చ మాట విని, చేతిలో పెద్ద కవరు పట్టుకుని, ఏదో ఒక ఆసుపత్రి హాల్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ఇది పనికొస్తుంది.

అమీర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. మాది భీమవరం పక్క పల్లెటూరు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మా దగ్గర ఆరు నెలలో ఏడాదో ఉండి, ఉద్యోగం రాగానే వెళ్లిపోతారు. పోతూ పోతూ బకెట్లు, పాత పుస్తకాలు, సీడీలు వదిలేసి పోతారు. మూడంతస్తుల ఇల్లు, పైన డాబా, డాబా మీద బట్టలారేసే తీగలు, తీగల నిండా పావురాలు.

నీళ్లు రాకపోయినా, డ్రైనేజీ పొంగినా, కోచింగ్ సెంటర్ల వాళ్లు మా బోర్డు మీద వాళ్ల బ్యానర్ కట్టినా ఫిర్యాదు రాసేది నేనే. ప్రతిదానికీ నకలు ఉంచుతాను. ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. గల్లీలో నన్ను 'కంప్లైంట్ మేడం' అంటారని నాకు తెలుసు. అననివ్వండి. అవమానాన్ని మర్చిపోతే అదే మనిషి రెండోసారి అదే మాట అంటాడు. అరవై ఏళ్లకు దగ్గర పడ్డాక నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.

ఫిబ్రవరి

దగ్గు మూడు వారాలైనా తగ్గలేదు. మిరియాల పాలు, కరక్కాయ, హాస్టల్ పిల్లలు తెచ్చిచ్చిన సిరప్పులు అన్నీ అయ్యాక మావారు పట్టుబట్టి బంజారా హిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. హాల్లో చలి, మెత్తటి సోఫాలు, పేరు లేకుండా టోకెన్ పిలుపులు.

"నలభై ఏడు!"

"నా పేరు సుగుణ," అన్నాను.

"అదే మేడం, నలభై ఏడు."

ఇది మొదటి అవమానం. రెండోది స్కానింగ్ గదిలో. మిషన్ మీద పడుకోబోతూ, ఈ స్కాన్‌కి ఎంత రేడియేషన్ పడుతుందని అక్కడి కుర్రాణ్ణి అడిగాను. తప్పేముంది? హాస్టల్‌కి వచ్చే నూనె డబ్బా మీద ఏముందో చదివి కొంటాను, నా ఒంట్లోకి పోయేదాన్ని అడగనా? అతను పక్కవాడి వైపు చూసి, "యూట్యూబ్ చూసొచ్చారా ఆంటీ?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను పడుకున్నాను. పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఆ మాట, సమయం మనసులో రాసుకున్నాను.

డాక్టర్ గారు మాట్లాడిందంతా కంప్యూటర్ తెరతోనే. మచ్చ ఉందన్నారు. పాత స్కాన్ ఏదైనా ఉందా అని అడిగారు. ఉందని ఫైల్లోంచి రిపోర్టు తీసి ఇచ్చాను. కరోనా రోజుల్లో, అందరూ పరుగులు పెట్టి ఛాతీ స్కాన్లు తీయించుకుంటున్నప్పుడు, అమీర్‌పేటలోనే ఒక చిన్న సెంటర్లో తీయించుకున్నది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని అందులో రాసుంది.

"అప్పుడు లేదు. అంటే ఇది కొత్తగా వచ్చింది," అన్నారాయన. "ఈ వయసులో కొత్తగా వచ్చిన మచ్చని నమ్మకూడదు. తీసేసి పరీక్షకి పంపిద్దాం. సర్జన్ గారిని కలవండి."

బల్ల మీది గంట నొక్కారు. నలభై ఎనిమిది లోపలికొచ్చింది. మా కుక్కర్ మూడు విజిళ్లు వేసేంత సేపు కూడా పట్టలేదు ఇదంతా.

కింద, మందుల షాపు దగ్గర, మావారు గోడకానుకుని నిలబడిపోయారు. నేను ఏడవలేదు. నోట్‌బుక్‌లో రాద్దామని కలం తీస్తే ఏం రాయాలో తెలియలేదు. ఎవరి మీద రాయను?

మార్చి

ఆ నెలంతా 'కొత్తగా' అన్న మాట మా ఇంట్లో తిరిగింది. సాంబార్లో ఉప్పు చూస్తుంటే గుర్తొచ్చేది. కొత్తగా వచ్చిన పిల్లలకి గదులు చూపిస్తుంటే గుర్తొచ్చేది. సర్జన్ గారు ఏప్రిల్ మూడో వారంలో తారీఖు ఖాయం చేసి, ఊపిరితిత్తిలో కొంత భాగం తీయాల్సి రావచ్చన్నారు.

మావారు ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు.

"పోనీ ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం," అన్నాను.

"తీసేస్తే పీడ పోతుంది కదా సుగుణా!"

"అది పీడో కాదో తేలాలి కదండీ. తేలకుండా కోయించుకోనా?"

"ప్రతిదానికీ గొడవేనా? ఇదేమన్నా మున్సిపాలిటీయా? నీ ఊపిరితిత్తి!"

"నాదే కాబట్టే అడుగుతున్నా."

తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు. ముప్పై ఐదేళ్ల కాపురంలో అదే ఎక్కువ. మా వంటమనిషి లక్ష్మి మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది. "అమ్మా, సారు కాఫీ తాగుమన్నడు." "సార్, అమ్మ మీరే తాగుమన్నది." ఒకరోజు దానికి విసుగొచ్చింది. "నాకు జీతం వంటకే ఇస్తుండ్రా, గీ టెలిఫోన్ పనికి సుత ఇస్తుండ్రా?" అని గరిటె గట్టిగా పెట్టింది.

పదో రోజున మంచం కింద ఊడుస్తుంటే ఒక బ్యాగు తగిలింది. తెరిచాను. రెండు నేత చీరలు, తువ్వాలు, ఫ్లాస్కు, కొబ్బరినూనె సీసా. ఆసుపత్రికి ఆయన సర్ది పెట్టిన బ్యాగు. అన్నిటికంటే పైన, ఇంకా విప్పని కొత్త పొడుగు నోట్‌బుక్, రెండు కలాలు.

"ఇదేంటండీ?" అని అడిగాను. ఆ రోజుకి మౌనం చెడింది.

"అక్కడ నువ్వు ఊరుకుంటావా?" అన్నారు. "కళ్లు తెరిచిన దగ్గర్నుంచి ఎవడో ఒకడి మీద రాయాలి కదా నువ్వు." బ్యాగుని మళ్లీ మంచం కిందికి తోశారు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

ఏప్రిల్, బుధవారం

మా గల్లీ చివర ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ముసలి డాక్టర్ గారే దారి చూపించారు. ఇంకో స్కాన్ తీయించుకోవాలంటే రేడియేషన్ భయమని చెప్తే ఆయన నవ్వలేదు. పంజాగుట్టలో ఒక స్కానింగ్ సెంటర్ ఉందని, తక్కువ డోసుతో తీసి, ఆ బొమ్మని ఏదో ఏఐ, అదే కృత్రిమ మేధ, సాఫ్ట్‌వేర్‌తో బాగుచేస్తున్నారని, అక్కడి డాక్టర్ నిషాత్ ఓపిక గల మనిషని చీటీ రాసిచ్చారు. సర్జన్ గారికి శనివారంలోగా అవునో కాదో చెప్పాలి. బుధవారం పొద్దున పంజాగుట్టలో ఉన్నాను.

'ఏఐ' అన్న రెండక్షరాల మీద నాకు పాత కక్ష ఉంది. మెట్రో మెట్లు దిగిన ప్రతిసారీ ఆ కోర్సు కరపత్రాలు చేతిలో కుక్కుతారు. మా హాస్టల్ బోర్డు మీద కట్టిన బ్యానర్ కూడా దానిదే. కాబట్టి పోట్లాడటానికి సిద్ధపడే వెళ్లాను.

మిషన్ దగ్గర టెక్నీషియన్ యాదగిరి, నలభై ఏళ్లవాడు. "సుగుణమ్మ గారూ, రండి," అన్నాడు. పేరు! నేను నా ప్రశ్న వేశాను. అతను మిషన్ తెర నావైపు తిప్పాడు.

"గిదిగో అమ్మా, గీ అంకె మీకు మామూలుగ పడేది. గిది ఇయ్యాల పడేది. చూడుండ్రి, ఎంత చిన్నగున్నదో. గట్టిగ ఊపిరి దీస్కొని ఆపుండ్రి. అయిపాయె."

నిజంగానే అయిపోయింది. అడిగితే చూపించారు. అంతే కదా నాకు కావాల్సింది! ఆ తెర వేపు చూసి నేను పొందిన ఆనందం మీకు అతిగా అనిపించవచ్చు. ఫిబ్రవరి నుంచి నన్నెవరూ మనిషిలా చూడలేదని గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత డాక్టర్ నిషాత్ తన గదిలోకి పిలిచి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ముప్పై దాటి ఉంటాయేమో ఆమెకి, చురుకైన మాట.

"ఇది మిషన్ ఇచ్చిన బొమ్మ, మేడం."

తెర మీద నా ఛాతీ. బూడిద రంగు మీద ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు. ఎక్కడ ఏముందో తెలియడం లేదు.

"తక్కువ డోసు అంటే గిట్లనే వస్తది. వెలుతురు తక్కువున్న రూంల ఫొటో తీసినట్టు. ఇప్పుడు చూడండి."

ఒక మీట నొక్కింది. పిండి రాలిపోయింది! నేను కుర్చీలోంచి ముందుకు వంగాను. రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా, అంచులు గీసినట్టుగా, పక్కటెముకలు తెల్లగా, ఆ కొమ్మల మధ్య నా మచ్చ. రెండు నెలలు నన్ను నిద్ర పోనివ్వనిది అంత బుద్ధిగా, గుండ్రంగా కూర్చునుంది. భయపడాల్సిన చోట నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. నా లోపల ఇంత అందం ఉందా అనిపించింది. అయినా నా బుద్ధి నా బుద్ధే.

"అమ్మా, చుక్కలు తీసేస్తుంది సరే. తీసేటప్పుడు ఉన్నదాన్ని కూడా చుక్కే అనుకుని తీసేస్తే? లేనిదాన్ని కల్పిస్తే?"

అది అడిగాక ఎప్పటిలా నవ్వు కోసం ఎదురుచూశాను. ఆమె కుర్చీ నావైపు తిప్పుకుంది.

"మస్తు మంచి సవాల్ అడిగిండ్రు మేడం. మీరు హాస్టల్ నడుపుతరు కదా? బియ్యం ఎవరు ఏరుతరు?"

"మా లక్ష్మి."

"ఆమెకు రాయి ఏదో, గింజ ఏదో ఎట్ల తెలుస్తది?"

"ఏళ్ల తరబడి ఏరుతోంది కనక."

"ఇది సుత అంతే. మబ్బు బొమ్మ, సాఫ్ బొమ్మ జతలు జతలుగ వేలకు వేలు చూపించి నేర్పించిండ్రు. రాళ్లు మంచిగ ఏరుతది. కానీ ఎప్పుడన్న ఒక గింజను సుత రాయనుకుని పారేయొచ్చు. అందుకని నేను ఏరకముందు చాట, ఏరినంక చాట, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్త. మిషన్ చెప్పిందని ఒక్కదానికి సుత సంతకం పెట్టను."

నాకు ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. నన్ను సమాధానపరచగలిగిన మనిషి ఈ ఊళ్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఫిబ్రవరి నాటి దానికీ దీనికీ మచ్చలో తేడా లేదంది. కానీ అది పెరగదని చెప్పడానికి రెండు నెలలు చాలవట. చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అని అడిగింది. మా నాయనమ్మకి ఉండేది, ఆమె పక్కనే పడుకునేదాన్ని అన్నాను. ఆమె కళ్లు కాస్త మెరిశాయి, వెంటనే మళ్లీ మామూలు మొహం పెట్టుకుంది.

"పాత స్కాన్ రిపోర్టుల లేదని రాసింది. రిపోర్టు అంటే ఎవరో ఒకరు చెప్పిన మాట. ఆ రోజులల్ల అందరు ఒకటే చూస్తుండె, కరోనా ఉన్నదా లేదా అని. నాకు మాట వద్దు, బొమ్మలు కావాలె. ఫిల్ములు ఉన్నయా?"

ఉండేవి. కానీ వాటికో చరిత్ర ఉంది. ఆరేళ్ల కిందట ఆ సెంటర్ వాళ్లిచ్చిన బొమ్మలు ఇలాగే పిండి చల్లినట్టుంటే, ఇదేం స్కానని వెళ్లి అడిగాను. "డోసు తగ్గించి తీశామమ్మా, అలాగే ఉంటాయి. మీకు బతికుండటం కావాలా, ఫొటో బాగుండటం కావాలా?" అన్నాడు మేనేజరు, వరుసలో ఉన్నవాళ్లందరి ముందూ. ఫిర్యాదు రాసి, ఫిల్ములు జత చేసి ఇచ్చాను. ఫిర్యాదూ పోయింది, ఫిల్ములూ పోయాయి. సీడీ మాత్రం నేను వాళ్లకివ్వలేదు. సాక్ష్యం కదా!

"సీడీ ఉంది," అన్నాను. "నేను ఏదీ పారేయను."

గురువారం

బుధవారం సాయంత్రమే ఫైలు తీశాను. ఫిర్యాదు నకలు ఉంది. మేనేజరు అన్న మాట నా చేతిరాతలో ఉంది. సీడీ కవరు ఉంది. సీడీ లేదు.

బీరువా అంతా దించాను. మర్నాడు పొద్దున మళ్లీ దించాను. మావారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఏంటండీ?"

"అది... సీడీ అంటే, తళతళలాడుతూ, గుండ్రంగా ఉండేదేనా?"

"సీడీలన్నీ అలాగే ఉంటాయి!"

"కిందటి ఎండాకాలం పావురాలు మరీ ఎక్కువైతే... ఆ మెరుపుకి బెదురుతాయని ఎవరో అన్నారు. పిల్లలు వదిలేసినవి కొన్ని ఉంటే, ఇంకొన్ని కావాల్సొచ్చి..."

నా ఊపిరితిత్తుల్ని ఈయన పావురాలకి కట్టారు.

డాబా మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. తీగకి వరుసగా, పురికొసతో కట్టి, తొమ్మిది సీడీలు గాలికి తిరుగుతున్నాయి. వాటి పైనే పావురాలు నిశ్చింతగా కూర్చున్నాయి. ఎండకి పేర్లన్నీ పోయాయి. తొమ్మిదీ ఒకేలా ఉన్నాయి, రెట్టలతో సహా. ఏడాదిగా రోజూ వాటి కిందే చీరలారేశాను. నా చావో బ్రతుకో నా నెత్తి మీదే తిరుగుతూ ఉంది.

నేను ఏమన్నానో రాయను. మూడో అంతస్తు పిల్లలు కిటికీలు మూసేసుకున్నారు. మావారు మాత్రం ఒక్కొక్క ముడీ విప్పి, ఒక్కొక్క సీడీని తన పంచెతో తుడిచి స్టీలు పళ్లెంలో పెట్టారు.

సీడీ చదివే కంప్యూటర్ ఇప్పుడెవరి దగ్గరుంది? మా వెనక గల్లీలో పాత కంప్యూటర్లు బాగుచేసే జాఫర్ భాయ్ దగ్గర ఉండొచ్చని లక్ష్మి అంది. సరిగ్గా ఆయన దగ్గరికే వెళ్లాల్సి రావాలా! రెండేళ్ల కిందట ఆయన అట్టపెట్టెలు దారికి అడ్డమని నేను మున్సిపాలిటీకి రాశాను. వాళ్లొచ్చి ఆయన బోర్డు పీక్కుపోయారు.

"అరె, కంప్లైంట్ మేడం!" అన్నాడు నన్ను చూడగానే. "ఇయ్యాల ఏం తప్పు జేసిన్నమ్మా?"

ఆ పేరుతో నన్ను మొహం మీద పిలిచిన మొదటి మనిషి. నోట్‌బుక్ తెచ్చుకోలేదు, బతికిపోయాడు.

"సీడీలు చదివించాలి భాయ్. తొమ్మిదున్నాయి."

"ఏమున్నయి గివిట్ల?"

"ఎనిమిదింట్లో ఏమున్నా నాకక్కర్లేదు. ఒకదాంట్లో నా ఊపిరితిత్తులున్నాయి. శనివారంలోగా చూపించకపోతే ఆపరేషన్."

నవ్వబోయిన మనిషి ఆగిపోయాడు. కుర్చీ మీది కీబోర్డులు తీసి కింద పెట్టాడు. "జర కూసోండమ్మా. ఫికర్ జెయ్యకుండ్రి. సార్, మీరు సుత."

సీడీలను సబ్బునీళ్లలో కడిగాడు. "గుండ్రంగ రుద్దొద్దు సార్, నడుమకెళ్లి బయటికి రుద్దాలె," అని మెత్తటి గుడ్డిచ్చి మావారికి పని చెప్పాడు. మొదటిది పెట్టాడు. ఎవరో మాస్టారు జావా పాఠం మొదలుపెట్టారు. రెండోది ఎవరి అక్క పెళ్లో, గోరింటాకు చేతులు. మూడు, నాలుగు మళ్లీ పాఠాలే. ఐదోది తిరిగి తిరిగి ఆగిపోయింది. మావారు కళ్లు మూసుకున్నారు. ఆరోది ఖాళీ. ఏడోది పెట్టగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు!

నేను లేచి నిలబడ్డాను. కాపీ అవడం మొదలైంది, కాస్త నడిచింది, ఆగింది. డ్రైవు మార్చాడు. మళ్లీ ఆగింది. ఆయన బల్ల కిందికి దూరి, దుమ్ము పట్టిన ఒక లావుపాటి డ్రైవు తీశాడు.

"గీ ముసల్ది మస్తు మొండిది. కొత్తయి గీత కనబడితే చాలు, నా తోని కాదంటయి. ఇది ఇడువది, మళ్ల మళ్ల చదువుతది."

"మా ఇంట్లోనూ ఒకటుంది," అన్నారు మావారు మెల్లగా. ఇద్దరూ నావైపు చూశారు. ఫిబ్రవరి తర్వాత నాకు నవ్వొచ్చింది అప్పుడే.

మొండిది రెండు గంటలు గొణిగింది. కింది భాగంలో కొన్ని బొమ్మలు రాలేదు. మిగిలినవన్నీ వచ్చాయి. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తూ జాఫర్ భాయ్ అన్నాడు:

"మీరొక్కరే దాచుకుంటరా అమ్మా? మీరు నా మీద రాసిన కాయితం నకలు నా దగ్గర సుత ఉన్నది. మంచిగ అయినంక రండి, కూసొని మాట్లాడుదాం."

శుక్రవారం

డాక్టర్ నిషాత్ పెన్‌డ్రైవ్ తీసుకుని, "మేడం, ఒక మాట ముందే చెప్త," అంది. "ఇది మా మిషన్ బొమ్మ కాదు. వేరే దానిది, పాతది. దీని మీద మా సాఫ్ట్‌వేర్‌ను ఎంత నమ్మాలెనో నాకు తెల్వదు. దారి చూపెట్టనీకే అడుగుత, తీర్పు మాత్రం నేనే చెప్త. గంట పడ్తది."

హాల్లో కూర్చున్నాం. గోడ మీద టీవీ శబ్దం లేకుండా నడుస్తోంది. మావారు బల్కంపేట ఎల్లమ్మకి మొక్కుకుంటున్నారని పెదాలు చూసి తెలుసుకున్నాను. నేను మొక్కుకోలేదు. ఆ మచ్చ ఆరేళ్ల కిందట లేకపోతే ఏమవుతుందో ఆలోచించాను. హాస్టల్ తాళాలు ఎవరికివ్వాలి, ఈయనకి కాఫీలో పంచదార ఎంతో లక్ష్మికి చెప్పాలి, జాఫర్ భాయ్ బోర్డు సంగతి చూడాలి. గంట గంటన్నర అయింది. యాదగిరి రెండు గ్లాసుల చాయ్ తెచ్చి పెట్టాడు.

"ఇంక జరసేపమ్మా. మేడం మిషన్ లేకుంట సుత మళ్ల మొదటికెళ్లి చూస్తుంది."

పిలిచారు. తెర మీద రెండు ఛాతీలు పక్కపక్కన. రెండూ నావే.

"ఎడమ దిక్కు ఆరేళ్ల కిందటిది, వాళ్లిచ్చింది ఇచ్చినట్టు. ఏమన్న కనబడుతుందా?"

ముగ్గుపిండి. ఏమీ లేదు.

మీట నొక్కింది. పిండి రాలింది. కొమ్మల మధ్య, పక్కటెముక నీడ చాటున, అదే చోట, అదే గుండ్రటి మచ్చ.

"ఉంది!" అని అరిచాను. తన ఒంట్లో మచ్చ ఉందని తెలిసి అంత సంతోషంతో అరిచిన మనిషి ఆ సెంటర్లో ఇంకొకరు ఉండరు.

"ఆగండి, ఇంకొకటి," అంది ఆమె. సాఫ్ట్‌వేర్ తీసేసి పాత బొమ్మనే మళ్లీ పెట్టి, మచ్చ ఉన్నచోట సన్న గీతతో సున్నా చుట్టింది. ఇప్పుడు ఆ పిండిలో కూడా తెలిసింది, పల్చగా, మసగ్గా. ఎక్కడ చూడాలో తెలిస్తే కనిపించేదే. "మిషన్ కల్పించింది కాదు. ఉన్నదే. నేను కొలిచిన, మా సీనియర్ సార్ వేరేగ కొలిచిండు. అప్పుడెంతనో ఇప్పుడంతనే. చెడ్డదైతే ఆరేండ్లు గింత బుద్ధిగ కూసోదు మేడం. మీ నాయనమ్మ ఇచ్చిన టీబీ మచ్చ కావొచ్చు, ఎప్పుడో మానిపోయింది. ఏడాదికొకసారి తక్కువ డోసుతోని చూసుకుందాం. ఆపరేషన్ అక్కర్లేదు. సర్జన్ సార్‌కు నేనే రాసి పంపిస్త."

మావారు కుర్చీలో కూర్చునే రెండు చేతులూ జోడించారు. నేను ఆమెను మళ్లీ ఒకసారి మీట నొక్కమన్నాను. మళ్లీ. నాలుగోసారి నేనే నొక్కాను. పిండి, కొమ్మలు. పిండి, కొమ్మలు. చిన్నపిల్లలా ఆడుకున్నాను, ఆమె ఆడుకోనిచ్చింది.

జూన్

ఇది చదివి ఎవరూ ఆపరేషన్ మానుకోవద్దు. అదే హాల్లో నా పక్కన కూర్చున్న ఒకావిడ మచ్చ పెరిగింది, ఆవిడ వెంటనే కోయించుకుంది, మంచి పని చేసింది. నేను చెప్పేది ఒక్కటే. రిపోర్టు కాగితంతో తృప్తి పడకండి, బొమ్మలు అడిగి తీసుకోండి, దాచుకోండి. డోసు ఎంతని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి, పేరు రాసుకోండి.

మచ్చని వదిలేసిన పాత సెంటర్ మీద ఈసారి పూర్తి సాక్ష్యంతో ఫిర్యాదు రాసుకుని వెళ్లాను. అప్పట్లో వాళ్లున్న రెండో అంతస్తులో ఇప్పుడా సెంటర్ లేదు. అక్కడ ఏఐ కోచింగ్ నడుస్తోంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి, "డెమో ఉచితం మేడం, కూర్చుంటారా?" అంది. కూర్చున్నాను. చివర్లో ప్రశ్నలున్నాయా అంటే లేచి, రాళ్లతో పాటు గింజని పారేస్తే ఏం చేస్తారని అడిగాను. మాస్టారు నా ప్రశ్న బోర్డు మీద రాసుకుని, రేపు చెప్తానన్నాడు. ఫిర్యాదు ఇవ్వాల్సిన మేనేజర్ ఎక్కడున్నాడో ఇంకా వెతుకుతున్నాను.

నిన్న మంచం కింది బ్యాగు విప్పాను. చీరలు బీరువాలో పెట్టాను, ఫ్లాస్కు లక్ష్మికిచ్చాను. కొత్త నోట్‌బుక్ తెరిస్తే మొదటి పేజీ ఖాళీగా లేదు. మావారి గుండ్రటి చేతిరాత. సీడీలు విప్పిన గురువారం నాటిది.

'ఫిర్యాదు ఎవరి మీద: వి. ప్రకాశరావు. విషయం: భార్య ఊపిరితిత్తులను పావురాలకు కట్టుట. నిందితుడు నేరం ఒప్పుకున్నాడు. ఏ శిక్షయినా సరే, ఆమె వేస్తే చాలు.'

ఆ ఆఖరి మాట దగ్గర సిరా కాస్త అలుక్కుంది. కలం తీసుకున్నాను. కొట్టివేయడం నా అలవాటు కాదు, ఇంతవరకూ ఏ ఫిర్యాదూ కొట్టివేయలేదు. బాగా ఆలోచించి కింద రాశాను:

'విచారణ పెండింగ్. ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.'